బొడ్డు కోసిన చెయ్యి

సంజీవమ్మ ఉతికి ఆరేసిన గుడ్డలను ఆసియా బీ తీగ మీద నుంచి లాగి మళ్ళీ బకెట్లో వేసింది.

అవి పుట్టబోయే బిడ్డ కోసం చించిన గుడ్డలు. మెత్తబడిన పాత దుప్పటిని సంజీవమ్మ పొద్దున్నే మూరెడేసి ముక్కలు చేసి, సబ్బునీళ్ళలో నానబెట్టి, బాగా జాడించి, వంటింటి కిటికీకి కట్టిన తీగ మీద ఆరేసింది. ఆగస్టు ఎండకు అవి అప్పటికే సగం ఎండిపోయాయి. ఆసియా బీ కుళాయి తిప్పి, కొంగు నడుముకు దోపుకొని, బకెట్ ముందు గొంతుక్కూర్చుంది.

మంచం మీద పక్కకు తిరిగి పడుకున్న హమీదా తల ఎత్తి చూసింది. నెలలు నిండిన కడుపు. లేచి కూర్చోవడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది.

"ఏం పెద్దమ్మా, అక్క ఇప్పుడే గదా ఉతికింది?"

"ఉతికింది లేమ్మే. ఇంగోసారి జాడిస్తే ఏం బోతాది?"

"నీళ్ళు పోతాయి. రేపు కుళాయి వస్తాదో రాదో ఎవురికి తెలుసు?"

ఆసియా బీ జాడిస్తూనే ఉంది. గుమ్మం దగ్గర నిలబడిన సంజీవమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది. "పోనీలే హమీదా. పెద్దమ్మ చేసేది మంచికే" అంది. ఆ మాట ఆమె పైపైన అన్నది కాదు. నిజంగానే అలా అనుకుంది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి అప్పటికి మూడో వారం. సంజీవమ్మ పనిచేసే ఇంటివాళ్ళు కార్లలో సామాను వేసుకొని సౌదీ దారి పట్టారు. పోయేముందు ఇంటి యజమానురాలు (పనివాళ్ళంతా ఆమెను 'మామా' అనేవాళ్ళు) సంజీవమ్మ చేతిలో ఒక బియ్యం సంచి పెట్టి, ఖైతాన్‌లో నీవాళ్ళున్నారు కదా పొమ్మంది. నీవాళ్ళంటే హమీదా, ఆమె మొగుడు మాబు. వాళ్ళదీ రాయచోటి పక్క పల్లే. మాబు కార్ల షెడ్డులో ఏసీలు బాగుచేస్తాడు. హమీదా లేడీస్ టైలర్ దగ్గర కుట్టుపని చేసేది. శుక్రవారం సెలవు దొరికినప్పుడల్లా సంజీవమ్మ వచ్చి ఈ రెండు గదుల వాటాలో కూర్చొని, ఊరి భాష మాట్లాడుకొని పోయేది. ఎదురు వాటాలో ఉండే ఆసియా బీ రాయచోటి మనిషి. కువైటీ ఇళ్ళలో వంట చేస్తూ ముసలిదైంది. ఆ మెట్ల మీద తెలుగు మాట్లాడే వాళ్ళందరికీ ఆమె పెద్దమ్మే.

గుడ్డలు పిండడం అయ్యాక ఆసియా బీ సంజీవమ్మను వరండాలోకి పిలిచింది. గొంతు తగ్గించింది.

"నీ మీద నాకేం కోపం ల్యా తల్లీ."

"తెలుసు పెద్దమ్మా."

"ఇద్దురూ మొగపిల్లోల్లేనంట గదా. వారం తిరక్కుండానే పోయిరంట. ఊర్లో అందురూ చెప్పుకునేదే."

"అవును."

"నీ చేతిలో ఏముందో పైవాడికే ఎరిక. హమీదాకు నొప్పులొచ్చిన పొద్దు నువ్వు ఆ గదిలోకి పోవాకు. బిడ్డను తాకాకు. తొలి కాన్పు, అందులో ఈ కాలం. నాకు బయంగా ఉండాది."

"పోను పెద్దమ్మా" అంది సంజీవమ్మ. సొంత చెల్లెలి కాన్పుకే ఆమెను పిలవలేదు. పిలవకపోవడమే మంచిదని అప్పుడూ అనుకుంది. రొట్టెల కోసం గుడ్డసంచి తీసుకొని మెట్లు దిగింది.

*

రొట్టెల దుకాణం ముందు ఆడవాళ్ళ వరస సందు మలుపు దాకా ఉంది. వరస మొదట ఒక సైనికుడు తుపాకి మోకాళ్ళ మీద పెట్టుకొని కుర్చీలో కూర్చున్నాడు. ఎండకు పెదాలు పగిలిన కుర్రవాడు. ఎవరైనా వరస తప్పితే లేవకుండానే చేత్తో వెనక్కి తోస్తున్నాడు. సంజీవమ్మకు వేడి రొట్టెలు చేతికి అందిన కాసేపటికే పెద్దరోడ్డు వైపు తుపాకులు పేలాయి. వరస ఒక్కసారిగా చెదిరిపోయింది. ఆమె రొట్టెల సంచిని రొమ్ముకు అదుముకొని గోడలకు ఆనుకుంటూ పరుగెత్తింది. ఆమె వాటా చేరేసరికి సందుకు రెండు వైపులా సైన్యం లారీలు అడ్డంగా నిలిచాయి.

తలుపు తీసే ఉంది. హమీదా మంచం పట్టె పట్టుకొని వంగి నిలబడి ఉంది. కాళ్ళ కింద నేల తడిసింది.

"పెద్దమ్మ యాడ?"

"పక్కనుండే ఫర్వానియా పోయింది. ఈడి క్లినిక్‌లో కాన్పులు చెయ్యరు గదా. ఎవరో తెలిసిన నర్సమ్మ ఉండాదంట, పిల్చుకొస్తానని. నువ్వు పోయినంక నడుము నొప్పి అన్న్యా, అంతే, చెప్పులేసుకుండి పోయ."

మాబు మెట్లెక్కి వచ్చాడు. చొక్కా గుండీలు ఊడి ఉన్నాయి. "కారు తీయబోతే తాళాలు గుంజుకున్యారు. బతిమాలితే తుపాకి మడమతో పొడిసినారు. సందులోకి ఎవుర్నీ రానీరు, పోనీరు. ఖలాస్" అన్నాడు. భార్యను చూశాడు. మళ్ళీ పరుగున దిగిపోయాడు. "ఇంగోసారి అడిగి చూస్తా. ఆసుపత్రి అని చెప్తా."

కిటికీలోంచి సంజీవమ్మకు అతను కనిపించాడు. లారీ దగ్గరికి చేతులెత్తి పోయాడు. కడుపు ఉన్నట్టు చేతులతో చూపించాడు. సైనికుడు అతని మెడ పట్టి, చెట్టు నీడ కూడా లేని కాలిబాట మీద అప్పటికే కూర్చోబెట్టిన పదిమంది మగవాళ్ళ పక్కన కూర్చోబెట్టాడు. చేతులు తల మీద పెట్టుకోమన్నాడు.

"అక్కా!"

సంజీవమ్మ కిటికీ వదిలి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"పెద్దమ్మ వస్తాదిలే మ్మే. రవ్వంత ఓర్చుకో."

"పెద్దమ్మ రాదు. బిడ్డ వస్తాండాది."

"నేను తాకగూడదు హమీదా. నా చెయ్యి..."

"నీ చెయ్యి కాకుంటే ఎవురి చెయ్యి?" హమీదా పళ్ళ మధ్యనుంచి అరిచింది. "ఈ ఇంట్లో ఇంగెవురుండారు?"

సంజీవమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళింది. బట్టల సబ్బు తీసుకొని మోచేతుల దాకా రుద్దింది. కడిగి మళ్ళీ రుద్దింది. గోళ్ళ సందులు కొబ్బరి పీచుతో తోమింది. చర్మం ఎర్రబడి మంటపుట్టే దాకా తోమి, తుడుచుకోకుండా, ఆ చేతుల్ని తనవి కానట్టు ముందుకు చాపి పట్టుకొని గదిలోకి నడిచింది.

ఏం చేయాలో హమీదానే నొప్పికీ నొప్పికీ మధ్య చెప్పింది. క్లినిక్‌లో నర్సు అంతా నేర్పిందట. అలమారలో మాబు గడ్డం గీసుకునే బ్లేడ్లున్నాయి, కాగితం విప్పనిది తీయాలి. కుట్టుదారం, బ్లేడు, కత్తెర నీళ్ళలో బాగా ఉడికించాలి. సంజీవమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టింది. గ్యాసు అయిపోవచ్చింది. మంట నీలంగా లేచి పడుతూ ఉంది. నీళ్ళు తెర్లేదాకా ఆమె సిలిండర్‌ను రెండు చేతులతో వంచి పట్టుకుంది. ఆ చేతుల్ని మళ్ళీ సబ్బుతో రుద్ది కడిగింది.

బిడ్డ తల కనిపించినప్పుడు ఆమెకు చెవులు మూసుకుపోయినట్టయింది. బయట తుపాకుల మోత వినపడలేదు. "ముక్కు మ్మే, ముక్కు, ఇంగ రవ్వంత" అని తను అంటున్నట్టు మాత్రం తెలిసింది. తల, ఒక భుజం, తర్వాత వెచ్చగా జారి ఆడపిల్ల మొత్తం ఆమె అరచేతుల్లోకి వచ్చింది. ఏడ్చింది. సంజీవమ్మ దారంతో రెండు చోట్ల బిగించి ముడి వేసింది. బ్లేడు తీసుకుంది. చెయ్యి కదల్లేదు.

"కొయ్యక్కా."

"హమీదా..."

"కొయ్యి!"

కోసింది. ఆ వెంటనే ఆమె కళ్ళు గది నాలుగు మూలలా వెతికాయి. ఊళ్ళో మంత్రసాని బొడ్డు కోయగానే పిడక బూడిద గుప్పెడు తీసి అద్దేది. ఏమీ అద్దకుండా వదిలేసిన బొడ్డును ఆమె ఎప్పుడూ చూడలేదు.

"ఏం పెడ్దాం దీనికి?"

"ఏమీ పెట్టొద్దు. ఊరికే ఆరనీమన్నారు."

సంజీవమ్మ బిడ్డను తుడిచి, తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి, మాయ పడేదాకా ఉండి, అంతా శుభ్రం చేసింది. తర్వాత గోడ పక్కన కూర్చొని రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుంది. సాయంత్రం లారీలు కదిలాక మాబు వచ్చాడు. ఎండకు మొహం కమిలిపోయింది. బిడ్డ చెవిలో అజాన్ చెప్పబోయి, రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

*

మర్నాడు దారి తెరిచాక ఆసియా బీ వచ్చింది. నర్సు దొరకలేదు. చెప్పులు కూడా విడవకుండా మంచం దగ్గరికి వెళ్ళి గుడ్డ తొలగించి బొడ్డు చూసింది.

"ఎవురు కోసినారు?"

"నేనే" అంది సంజీవమ్మ.

ఆసియా బీ ఉన్నచోటే కూలబడింది. తిట్టలేదు. పెదాలు కదిలిస్తూ ఏదో చదివి బిడ్డ మీద ఊదింది. తిడితే బాగుండుననిపించింది సంజీవమ్మకు.

ఆ రోజునుంచి సంజీవమ్మ బిడ్డ నోటినే కాపలా కాసింది. హమీదా పాలిచ్చేటప్పుడల్లా ఎదురుగా కూర్చొని, చిన్న దవడ ఆడుతోందా లేదా చూసేది. గుటక వినిపిస్తే లేచి పనిలోకి వెళ్ళేది. గిన్నెలు చప్పుడు కాకుండా తోమేది. తలుపు దగ్గరగా వేసేటప్పుడు సందులో గుడ్డ పెట్టేది. తిండి ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. బిడ్డను మాత్రం మళ్ళీ తాకలేదు.

ఒక సాయంత్రం మాబు కబురు తెచ్చాడు. "మనోల్ల బస్సొకటి బస్రా మీదుగా జోర్డాన్ పోతాంది అక్కా. అక్కన్నుంచి విమానాలు ఎక్కిస్తాండారంట. ఒక సీటుండాది. మేము ఈ పసిబిడ్డతో ఇప్పుడే కదల్లేము. నువ్వన్నా పో."

"పో తల్లీ" అంది ఆసియా బీ కూడా. "ఏమన్నా అయితే, నువ్వు సూల్లేవు. ఇంగోసారి సూల్లేవు."

సంజీవమ్మ బిడ్డ దవడ వైపు చూసింది. "ఎనిమిదో దినం దాటనీ పెద్దమ్మా. అయ్యేదేదో నేనుండంగనే కానీ" అంది. ఆ బస్సు ఆమె లేకుండానే వెళ్ళిపోయింది.

ఏడో రోజు మధ్యాహ్నం బిడ్డ పాలు తాగలేదు. హమీదా రొమ్ము అందిస్తే పెదాలు బిగించి మొహం తిప్పుకుంది. కంచం పట్టుకొని వస్తున్న సంజీవమ్మ అది చూసింది. చేతిలోని స్టీలు కంచం జారి నేల మీద గింగిర్లు తిరిగింది. ఆ చప్పుడుకు బిడ్డ ఒళ్ళంతా ఉలిక్కిపడి, రెండు చేతులూ విదిలించి, పిడికిళ్ళు బిగించింది.

"వచ్చింది!" అని సంజీవమ్మ కేక పెట్టింది. "వచ్చింది దేవుడా, అదే వచ్చింది!"

ఎదురు వాటాలోంచి ఆసియా బీ గుండెలు బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది. సంజీవమ్మ గోడకు తల కొట్టుకుంటోంది. హమీదా బిడ్డను ఒడిలోకి లాక్కుంది. చిటికెనవేలు బిడ్డ పెదాల మధ్య పెట్టింది. నోరు తెరుచుకుంది. వేలును పట్టి చప్పరించింది.

"అక్కా, ఇట్ల చూడు. అక్కా! నోరు తెరిచింది చూడు. కడుపు నిండి తాగల్యా, అంతే. చప్పుడుకు అదురుకునింది. పసిపిల్లలందురూ అదురుకుంటారు."

సంజీవమ్మ పాకుతున్నట్టు మంచం దగ్గరికి వచ్చింది. బిడ్డ దవడ ఆడుతూ ఉంది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

"నీ పిల్లోల్లకు ఎట్లయింది అక్కా?" హమీదా మెల్లగా అడిగింది.

"పాలు తాగుతా తాగుతా నిలిపేసినారు. దవడలు కరుసుకున్యాయి. గాలి తగిలినా, చప్పుడైనా ఒళ్ళు విల్లు మాదిరి వంగిపోయేది. పెద్దోడూ అంతే. చిన్నోడూ అంతే. రెండోవాడు పోయినంక మా అత్త నా చెయ్యి పట్టుకుని తిప్పి తిప్పి చూసింది."

"అది ధనుర్వాతం అక్కా. నర్సు చెప్పింది. మట్టిలో, పేడలో పురుగుంటాదంట, కంటికి కనపడనిది. కోసిన బొడ్డులోంచి లోపలికి పోతాదంట. అందుకే నాకు కడుపుతో ఉన్నప్పుడే రెండు సూదులేసినారు."

"నీకేస్తే బిడ్డకెట్ల?"

"దాన్ని తట్టుకునే బలం నా నెత్తురులో తయారవుతాదంట. అది కడుపులోనే బిడ్డకు పోతాది. బిడ్డకు దాని సూదులు ఏసేదాకా అదే కాపాడతాది. బ్లేడు ఉడకబెట్టినాము, సరే. అందులో ఏమన్నా పొరపాటైనా ఆ సూది ఉండాది గదా అనే నేను ఆ పొద్దు ధైర్యంగా ఉన్న్యా. నీకు చెప్పాల్సింది. నువ్వు ఇంత బాధ పడతాండావని నాకు తెలీల్యా."

సంజీవమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. ఆసియా బీ గుండెల మీద చెయ్యి అలాగే ఉంచి నిలబడిపోయింది.

"పేడలోనా?" అంది సంజీవమ్మ.

"ఊఁ."

"పిడక బూడిదలో?"

హమీదా తల దించుకుంది.

"కొడవలితో కోసింది మంత్రసాని" అంది సంజీవమ్మ, తనలో తాను చెప్పుకున్నట్టు. "గడ్డి కోసే కొడవలి. కొట్టంలో చూరుకు చెక్కి ఉండేది. చీరకు తుడిసి కోసింది."

"సూదేసే ఆయమ్మ రాలేదా మీ కాడికి?"

"పెద్దూరికి వచ్చేది. సైకిల్ మీద ఎవరో దింపి పోయేవాళ్ళు. మా వాడ దాకా రాల్యా. అట్లాంటి సూది ఒగటుండాదని మాకు ఎవురు జెప్పిరి?"

*

ఎనిమిదో రోజు గడిచింది, తొమ్మిదో రోజూ గడిచింది. బొడ్డు ఎండి రాలిపోయింది. బిడ్డకు మెహరాజ్ అని పేరు పెట్టారు. సంజీవమ్మ అన్నం తిన్నది. ఆ పూట ఆసియా బీ కింది వాటాలో ఉండే వెంకటేశ్వరిని వెంటబెట్టుకొని వచ్చింది. రాజంపేట పిల్ల. ఇళ్ళలో పని చేసేది. ఏడో నెల. మొగుడితో కలిసి ఈ వారంలోనే బస్సెక్కబోతోంది.

ఆసియా బీ మొహం వెలిగిపోతూ ఉంది. "సంజీవమ్మా, నేను మాట తప్పుగా అన్న్యా. మనసులో పెట్టుకోవాకు. నీది సల్లని చెయ్యి. ఆ తుపాకుల మధ్యన అంత బిడ్డను నిలబెట్టింది. ఈ యమ్మి బస్సులో పోతాంది. దావలో ఏమవుతాదో ఏమో. ఒకసారి దీని కడుపు మీద నీ చెయ్యి పెట్టు."

వెంకటేశ్వరి సిగ్గుపడుతూ ముందుకు వచ్చింది.

సంజీవమ్మ చెయ్యి పెట్టలేదు. "నా చేతిలో ఏమీ ల్యా పెద్దమ్మా" అంది.

"అట్లనాకు తల్లీ."

"ఏమీ ల్యా. అప్పుడూ ల్యా, ఇప్పుడూ ల్యా."

గొంతు పెంచలేదు. సంజీవమ్మ వెంకటేశ్వరి వైపు తిరిగింది. "నువ్వు సూది ఏయించుకున్యావా?"

"ఏం సూది అక్కా? మా మామా నన్ను క్లినిక్‌కు పంపీల్యా. పని ఆగిపోతాదని."

"చెప్పులేసుకో. యల్లా, పోదాం."

క్లినిక్ రెండు వీధుల అవతల. మలుపులో సైనికులు ఆపారు. ఒకడు సంజీవమ్మ నివాసపు కార్డు, ఇఖామాను, అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకొకడు వెంకటేశ్వరి కడుపు చూసి, విసుగ్గా చెయ్యి ఊపి పొమ్మన్నాడు. లోపల సగం గదులకు తాళాలు. ఒకే ఒక నర్సు ఉంది. మలయాళీ మనిషి, నిద్ర లేని కళ్ళు. పోయినవాళ్ళు పోగా మిగిలింది తనొక్కతేనని హిందీలో చెప్పింది. ఫ్రిజ్ తెరిచి చిన్న సీసా తీసి, మళ్ళీ వెంటనే మూసేసింది. లోపలి చల్లదనం పోకూడదట.

సూది చూడగానే వెంకటేశ్వరి సంజీవమ్మ మణికట్టు పట్టుకుంది. సంజీవమ్మ కళ్ళు తిప్పలేదు. మందు సూదిలోకి ఎక్కడం, నర్సు వేలితో తట్టడం, జబ్బ మీద దూదితో తుడవడం, సూది దిగడం అంతా చూసింది. అంతలోనే అయిపోయింది.

"రెండోది నెల తర్వాత" అంది నర్సు. "కాన్పుకు ముందే పడాలి. ఎక్కడుంటే అక్కడ వేయించుకో. క్యాంపులో అయినా, ఇంటికి పోయాక అయినా. మరచిపోవద్దు."

"నేను గుర్తు చేస్తా" అంది సంజీవమ్మ తనకు వచ్చిన హిందీలో. "నేనూ ఆ బస్సులోనే పోతా." ఆ మాట అనే దాకా ఆమెకే తెలియదు.

నర్సు దూది పడేస్తూ తల ఊపింది. సంజీవమ్మ కదల్లేదు.

"సిస్టర్, ఈ సూది కొత్తగా వచ్చిందా?"

"కొత్తదా?" నర్సు అలసటగా నవ్వింది. "లేదమ్మా. నేను ట్రైనింగ్‌లో ఉన్నప్పుడే మన దేశంలో పల్లెలు తిరిగి వేసేవాళ్ళం. పదేళ్ళ పైమాటే."

చిన్నోడు పుట్టి తొమ్మిదేళ్ళు.

బయట ఎండ గోడల మీద నుంచి కొడుతోంది. వెంకటేశ్వరి జబ్బ రుద్దుకుంటూ పక్కన నడుస్తోంది. మూసిన దుకాణాల ముందు చెత్త పేరుకుపోయి ఉంది. కాలిన కారు ఒకటి రోడ్డుకు అడ్డంగా ఉంది. దాన్ని చుట్టి పోవడానికి సంజీవమ్మ ఆ పిల్ల మోచెయ్యి పట్టుకుంది.

"అంత నొప్పి ల్యా అక్కా" అంది వెంకటేశ్వరి. కొంచెం దూరం నడిచాక అడిగింది. "నీకు పిల్లోల్లుండారా?"

ఈ దేశంలో ఆ మాట ఎందరో అడిగారు. మామా అడిగింది, తోటి పనివాళ్ళు అడిగారు. లేరు అని చెప్పి పని చూసుకునేది.

"ఇద్దురు" అంది సంజీవమ్మ. "మొగపిల్లోల్లు. పెద్దోడు సిద్ధయ్య. ఇద్దురూ పోయిరి. చిన్నోడు పేరు గూడా పెట్టకముందే పాయ."

వెంకటేశ్వరి ఆగిపోయింది. "అయ్యో. ఎట్ల పోయిరక్కా?"

"సూది ల్యాక" అంది సంజీవమ్మ.

సంజీవమ్మ ఏడుస్తోంది. కళ్ళు తుడుచుకోవడం లేదు. రోడ్డు అవతలి సైనికుడు తలతిప్పి చూశాడు. వెంకటేశ్వరి సూది పడని చేతిని ఆమె భుజం చుట్టూ వేసింది.